బావమరిది చెరువు

ఆకివీడు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తేజశ్రీకి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాన్న, నువ్వు పేరు పెట్టి మా నెత్తిన వదిలి వెళ్ళిన పిల్లి క్షేమం. మా ముగ్గురిలో పిల్లే ఎక్కువ క్షేమం. నువ్వు అక్కడ వేళకి తిని వేళకి పడుకుంటున్నావని తలుస్తున్నాను. తలుస్తున్నాను అని రాశాను గాని నమ్ముతున్నాను అని రాయలేదు, గమనించు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లు ఉండనివ్వని హాస్టల్లో పడేశామని జూన్‌లో నువ్వు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం ఈ ఉత్తరాలే బాగున్నాయి. ఫోన్లో అయితే ఆ, ఊఁ, సరే అమ్మా తప్ప నీ నోట మాట రాదు. కాగితం మీద నాలుగు పేజీలు తిట్టావు. తిట్టినా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, సంతోషం.

అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మెస్సులో సాంబారు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందన్నావు. వచ్చే ఆదివారం నాన్న మాగాయ, రొయ్యల పచ్చడి తెస్తారు. రెండోది వార్డెన్ గారికి రుచి చూపించకు, మళ్ళీ నీకు మిగలదు. కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయని భయపడుతూ రాశావు. తగ్గితే తగ్గాయి, ఎందుకు తగ్గాయో నిజం చెప్పావు, నాకు అది చాలు. ఈ మాట రాస్తుంటే నాకే సిగ్గేసింది. ఎందుకో ముందు ముందు నీకే తెలుస్తుంది.

దుర్గమ్మ పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. నీ స్నేహితురాలి నాయనమ్మ ఏదో నూనె రాసుకుంటే నెలలో తగ్గిపోయిందని, ఆ నూనె సీసా నాన్నతో పంపిస్తానని రాశావు. ఆ మోకాళ్ళ సంగతి కొంచెం పెద్ద కథ. చివర్లో రాస్తాను.

ఇంక నీ మిషన్. క్లాసులో దాని గురించి మాట్లాడావని, అందరూ చప్పట్లు కొట్టారని, మా అమ్మ ల్యాబ్‌లో ఏఐ ఫోనెత్తుతుంది అంటే మేడం కూడా నమ్మలేదని రాశావు కదా, ఆ పేజీ నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. వేసవి సెలవుల్లో ఇరవై రోజులు కూర్చుని, రొయ్యల రైతులు అడిగే ప్రశ్నలన్నీ నా చేత చెప్పించి, నా గొంతు తీసుకెళ్ళి దానికి అంటించావు. ఆ గొంతు ఇప్పుడు నాకంటే మర్యాదగా మాట్లాడుతోంది. రోజుకి నూట యాభై ఫోన్లు. నీళ్ళలో ఉప్పదనం ఎంత ఉండాలి, వాన పడ్డాక సున్నం ఎంత చల్లాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని గంటలు తిప్పాలి, ఒకే మనిషి ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోదు. మీ నాన్న దానికి రెండో సత్యవేణి అని పేరు పెట్టారు. మొదటిదానికి లేని ఓపిక దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోమని నన్నే అడుగుతున్నారు.

అయితే నీకు ఒక సంగతి చెప్పాలి. కైకలూరులో మనలాంటి ల్యాబే నడుపుకునే ఒకావిడ ఉంది. నీకు తెలీదులే. ఆవిడ ఇప్పుడు ఇరుక్కుపోయి ఉంది. ఎటూ కదలలేకపోతోంది.

ఆవిడా మనలాగే ఫోన్లకి మిషన్ పెట్టించింది. అంతకుముందు ఆ పని ఒక పెద్దావిడ చేసేది, ఏళ్ళ తరబడి. మిషన్ చక్కగా చెప్తోంది కదా, ఇంక మనిషెందుకు అనుకుని, ల్యాబ్ ఆవిడ ఆ పెద్దావిడని పనిలోంచి పంపేసింది. నెల తిరగలేదు. ఒక రైతు ఫోన్ చేశాడు. "మా బావమరిది చెరువులో రొయ్యలు గట్టు వారకి చేరుతున్నాయండి. పొద్దున్న చెక్ ట్రే లాగి చూస్తే మేత సగం అలాగే ఉందండి. రెండు రొయ్యల తల మీద తెల్ల మచ్చలు కూడా కనిపించాయండి. ఏం చెయ్యమంటారండీ?" అని అడిగాడు.

మిషన్ ఎంతో శ్రద్ధగా జవాబు చెప్పింది. మీ బావమరిది గారిని వెంటనే శాంపిల్ తీసుకుని ల్యాబ్‌కి రమ్మనండి, ఇది వైట్ స్పాట్ జబ్బు కావచ్చు. మీ చెరువు జాగ్రత్త కోసం పది రోజులు బయటి నీళ్ళు పెట్టకండి, వాళ్ళ వలలూ మనుషులూ మీ గట్టు ఎక్కకుండా చూసుకోండి, మీ చెరువులో మేత మామూలుగా వెయ్యండి, కంగారు పడకండి అంది. పుస్తకం ప్రకారం అందులో ఒక్క ముక్క తప్పు లేదు. రైతు అలాగేనండి అని పెట్టేసి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. తూము మూశాడు. బయటివాళ్ళని రానివ్వలేదు. మేత వేస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున్నకి చెరువంతా రొయ్యలు చచ్చి తేలిపోయాయి. ఆ రైతు చెరువే.

నువ్వు ఆకివీడు పిల్లవి, నీకు అర్థమై ఉండాలి. అర్థం కాకపోతే తప్పు నాదే, మన ల్యాబ్‌లో దుర్గమ్మగారు ఫోనెత్తే బల్ల కింద కూర్చోబెట్టి నీ చేత ఎక్కాలు చదివించానే గాని, పైన జరిగేది వినమని ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ ఏ రైతూ తన చెరువు పోతోందని తన నోటితో అనడు. అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. కొనేవాళ్ళు రేటు తగ్గిస్తారు. పక్క చెరువులవాళ్ళు, వీడు జబ్బు నీళ్ళు డ్రెయిన్‌లోకి వదులుతాడేమో అని రాత్రీ పగలూ కాపలా కాస్తారు. అన్నిటికంటే ముందు, అలాంటి మాట అనడానికి నోరు రాదు. అందుకని ఆకివీడు నుంచి కైకలూరు దాకా జబ్బు చేసేవన్నీ బావమరిది చెరువులే.

దుర్గమ్మగారు పదకొండేళ్ళు ఆ ఫోన్లు ఎత్తారు. ఎవరి చెరువండీ అని ఒక్కరిని కూడా అడగలేదు. "మీ బావమరిది గారికి నా మాటగా చెప్పండి. సాయంత్రంలోగా వల వేయించి పట్టేయమనండి. రేపటికి ఉంచితే ఆయనకి నీళ్ళే మిగులుతాయండి" అనేవారు. అవతలివాడు "చెప్తానండి, తప్పకుండా చెప్తానండి" అనేవాడు. ఆ సాయంత్రమే వాడి గట్టు మీదకి లారీ వచ్చేది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

మీకెలా తెలుస్తుందండీ అని నేనొకసారి అడిగాను. "బావమరిది చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో ఎవరికి తెలుస్తుందండీ? నిజంగా బావమరిదిదే అయితే అంత దిగులుగా కూడా చెప్పరండి, కాస్త సంతోషంగానే చెప్తారు" అన్నారు. నాలుగు రోజులు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకున్నాను.

ఇక్కడిదాకా రాసి, కలం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి వచ్చాను.

తేజూ, కైకలూరులో అలాంటి ఆవిడ ఎవరూ లేరు.

చూశావా, నాకూ ఆ జబ్బే. నా చెరువుని తీసుకెళ్ళి కైకలూరులో పెట్టాను. ఆ మిషన్ మనది. ఆ ల్యాబ్ మనది. ఆ రైతు ముత్యాలరాజుగారు. నువ్వు ఆరో తరగతిలో ఉండగా వానకి స్కూలు బస్సు మధ్యలో ఆగిపోతే, నిన్ను ట్రాక్టర్ మీద కూర్చోబెట్టుకుని, నీ మీద తన గొడుగు పట్టి ఇంటికి తెచ్చిన ముత్యాలరాజుగారే. డెబ్భై రోజులు గట్టు మీదే పడుకుని పెంచుకున్న చెరువు అది. ఆయన భార్యకి అక్కచెల్లెళ్ళే గాని అన్నదమ్ములు లేరు. ఆయనకి బావమరిదే లేడు. ఆ సంగతి దుర్గమ్మగారికి తెలుసు, నాకూ తెలుసు. మిషన్‌కి ఎలా తెలుస్తుంది?

పంపేసిన పెద్దావిడ ఎవరో కూడా నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. వస్తున్నాను, దానికే వస్తున్నాను. ముందు ముత్యాలరాజుగారి సంగతి పూర్తి చెయ్యనివ్వు.

చెరువు పోయిన మర్నాడు ఆయన ల్యాబ్‌కి వచ్చారు. ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచు మీద కూర్చున్నారు. పోట్లాడతారనుకున్నాను. పోట్లాడి ఉంటే నాకు బాగుండేది. "మీరు చెప్పినట్టే చేశామండి మేడంగారూ. మేత కూడా ఆపలేదండి. మేడంగారు చెప్పాక ఇంక అనుమానం ఏంటని మా ఆవిడతో అన్నానండి. మా బావమరిది రాత అలా ఉందండి, ఏం చేస్తాం" అన్నారు. అప్పుడు కూడా బావమరిదే. నేను ఏమన్నానో తెలుసా? "మీ బావమరిది గారిని ధైర్యంగా ఉండమనండి" అన్నాను. ఆయన తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఫోన్లో మాట్లాడింది నేను కాదని ఆయనకి తెలీదు. కుర్రాళ్ళు కొందరు కనిపెట్టారు గాని, పెద్దవాళ్ళకి అది నా గొంతు, అంతే. నేనూ ఎవరికీ చెప్పలేదు. మేడంగారు ఎంత ఓపిగ్గా చెప్తున్నారో అంటుంటే వినడానికి బాగుండేది.

నువ్వు ఇప్పుడు ఏడుపు మొహం పెట్టి, నేను పెట్టిన మిషన్ వల్లే కదా అమ్మా అంటావు. కాదు. ఇది శ్రద్ధగా చదువు. ప్రతి సాయంత్రం ఆ రోజు ఫోన్లన్నీ వరసగా చూపించే పట్టిక పెట్టి వెళ్ళావు కదా, అమ్మా రోజూ చూడు, తేడాగా ఉన్నవాళ్ళకి నువ్వే ఫోన్ చెయ్యి అని పదిసార్లు చెప్పి వెళ్ళావు కదా, ఆ రోజు పట్టికలో ఆ ఫోన్ ఉంది. ముత్యాలరాజు, బావమరిది చెరువు, వైట్ స్పాట్ అనుమానం, సలహా చెప్పడమైనది, పక్కన పచ్చ టిక్కు. నేను చదివాను. పేరు కూడా చదివాను. ఒక్క నిమిషం ఆగి ఉంటే, ఈయనకి బావమరిదెక్కడున్నాడు అని తట్టేది. ఆగలేదు. అన్నీ సరే అని ఒక్క నొక్కు నొక్కి, పొయ్యి మీద కూర మాడుతోందని లేచిపోయాను. మొదట్లో ఒక్కో ఫోను పూర్తిగా వినేదాన్ని. తర్వాత వినడం మానేసి చదివేదాన్ని. ఆ తర్వాత పచ్చ టిక్కులు ఉన్నాయో లేదో చూసేదాన్ని. కూర ఎలాగూ మాడిపోయింది.

ఇప్పుడు నా పరిస్థితి ఏమిటంటే, ఆ మిషన్‌ని ఒక రోజు ఆపేసి చూశాను. మధ్యాహ్నానికే నా చెవి కాలిపోయింది. నలభై ఫోన్లు ఎత్తాను, మిగతా నూటపదిమంది ఎత్తలేదని తిట్టుకున్నారు. నీళ్ళు పరీక్ష చేసే పని అలాగే ఉండిపోయింది. మర్నాడు మళ్ళీ పెట్టాను. ఇప్పుడు అది మాట్లాడుతుంటే పక్కనే కూర్చుని వింటాను. నా గొంతు నాకు ఎదురుగా కూర్చుని అందరికీ కంగారు పడకండి అని చెప్తుంటే, కంగారంతా నాకు మిగులుతోంది. ఏ ఫోన్లో ఏ బావమరిది ఉన్నాడో అని ఒక్కో పేరు దగ్గరా ఆగిపోతుంటాను. ఆపితే ఒక బాధ, ఉంచితే ఒక బాధ. ల్యాబ్ గది తలుపు తియ్యాలంటేనే భయంగా ఉంది.

తప్పు దానిదేనని పక్కన పడేద్దామన్నా కుదరలేదు. మొన్న చరణ్‌తేజ వచ్చాడు, కొత్తగా రెండు చెరువులు వేశాడే, ఆ అబ్బాయి. వాడి చెరువుకి కూడా వైట్ స్పాట్ పట్టింది, మొదటి రోజే రొయ్యలు పట్టేసి బయటపడ్డాడు. ఎలా తెలిసిందిరా అంటే, ఫోన్లో అడిగానండి అన్నాడు. "బావమరిదిదని చెప్పలేదా?" అన్నాను. సిగ్గుపడిపోయాడు. "మీకైనా దుర్గమ్మగారికైనా అయితే అలాగే చెప్పేవాడినండి. అది మనిషి కాదు కదండీ, దాని ముందు పరువేంటని ఉన్నదున్నట్టు చెప్పేశానండి" అన్నాడు. అంటే దాని వల్ల ఒక చెరువు పోయింది, దాని వల్లే ఒక చెరువు దక్కింది. నేను దేన్ని తీసెయ్యను?

ఇంక దుర్గమ్మగారు.

ఆవిడ తనంతట తాను మానలేదు. నువ్వు వెళ్ళాక రెండు నెలలు ఇద్దరూ కలిసే పని చేశారు, మిషనూ ఆవిడా. దాన్ని చిన్న మేడంగారు అనేవారు. రోజూ సాయంత్రం ఇయర్‌ఫోన్ చెవికి తగిలించుకుని చిన్న మేడంగారు మాట్లాడినవన్నీ వినేవారు. విని, "ఈయనకి మళ్ళీ మనం చెయ్యాలండి, ఈయనకి కూడా" అనేవారు. నూటికి మూడో నాలుగో. ఆ మూడూ నాలుగూ ఆవిడ అన్నట్టే ఉండేవి. అయినా నాకు చికాకు వచ్చేది. నా గొంతుతో చెప్పినదాన్ని ఆవిడ కాదంటుంటే, నన్నే కాదన్నట్టు ఉండేది. ఆ మూడు నాలుగింటి కోసం ఒక మనిషా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మూడూ నాలుగూ వినడం నాకు ఇష్టం లేదు.

మొహం మీద చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆగస్టులో ఒక రోజు, "దుర్గమ్మగారూ, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉండండి, నేను కబురు పెడతాను" అన్నాను. ఆవిడ ఎప్పుడూ నొప్పి అనలేదు. నిన్ను చంకనేసుకుని ల్యాబ్ మేడ మెట్లు ఎక్కిన మనిషి. ఒకసారి తన మోకాళ్ళ వైపు చూసుకుని, "అలాగేనండి" అన్నారు. రోజూ కడిగే శాంపిల్ సీసాలు ఆ రోజు కూడా కడిగి, బోర్లించి, క్యారేజీ సంచీలో పెట్టుకుని వెళ్ళారు. బావమరిది మాటలు పదకొండేళ్ళు విన్న మనిషికి నా మాట అర్థం కాకుండా ఉంటుందా? రైతులు దుర్గమ్మగారేరండీ అని అడిగితే, పాపం మోకాళ్ళ నొప్పులండి అని అందరికీ చెప్పాను. నీకూ అదే రాశాను. మూడు ఉత్తరాల్లో రాశాను.

మొన్న గురువారం స్కూటీ వేసుకుని కొల్లేటి ఒడ్డున వాళ్ళ ఊరు వెళ్ళాను. దారికి రెండు పక్కలా చెరువులు, వాన వెలిసి ఎండ కాస్తోంది. దుర్గమ్మగారు గట్టు మీద గొంతుక్కూర్చుని చిన్న చేపలు ఎండబెడుతున్నారు. నన్ను చూసి ఒక్క ఊపున లేచి, గంప చంకకెత్తుకుని గట్టు దిగి చకచకా వచ్చారు. సగం దూరం వచ్చాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, అక్కడి నుంచి కుంటుకుంటూ వచ్చారు.

"రండి మేడంగారూ. ఇంత దూరం మీరెందుకండీ, కబురంపితే నేనే వద్దును కదండీ" అన్నారు. అరుగు మీద చాప వేశారు. టీ ఇచ్చారు. "మా తేజమ్మ ఎలా ఉందండీ, చిక్కిపోయిందా?" అని నిన్ను అడిగారు. నేను గ్లాసు కింద పెట్టి, "కైకలూరులో ఒక ల్యాబ్ ఆవిడ ఉందండీ" అని మొదలుపెట్టాను. నీకు పైన రాసిన కథే. ఆవిడకీ అలాగే చెప్పాను, అంతా ఆ కైకలూరు ఆవిడ మీద పెట్టి. మంచి మనిషిని పంపేసిందని, చెరువు పోయిందని, ఇప్పుడు మళ్ళీ రమ్మనడానికి మొహం చెల్లట్లేదని. దుర్గమ్మగారు చేపలు ఒక్కొక్కటే తిప్పుతూ అంతా విన్నారు. ఆవిడకి చెప్పండి అని ఏదో ఒక సలహా చెప్తారని, నేను ఆ సలహా పట్టుకుని ఇంటికి వచ్చేయొచ్చని ఆశపడ్డాను.

"ఎవరి చెరువండీ ఇది?" అన్నారు.

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరినీ అడగని మనిషి నన్ను అడిగారు. "నాదేనండి" అన్నాను. అని ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు. చేపలు తిప్పడం పూర్తి చేసుకున్నారు. నా ఏడుపు తగ్గాక, "చిన్న మేడంగారిని తీసెయ్యకండి. రోజుకి నూట యాభై ఫోన్లు మీరూ ఎత్తలేరు, నేనూ ఎత్తలేను. సున్నాలూ ఉప్పులూ ఆవిడని చెప్పుకోనివ్వండి. పరువుకి జంకని కుర్రాళ్ళు కూడా ఆవిడతోనే మాట్లాడుకుంటారు. బావమరుదుల్ని మాత్రం మనిషి వినాలండి" అన్నారు.

"అయితే రేపే వచ్చెయ్యండి" అన్నాను.

"ఎలా వస్తానండీ? నాకు మోకాళ్ళ నొప్పులు కదండీ."

దెప్పుతున్నారనుకున్నాను. దెప్పడం కాదు. "ఆకివీడంతా మీరు చెప్పారు కదండీ. సంతకి వస్తే కనిపించినవాళ్ళల్లా మోకాళ్ళెలా ఉన్నాయంటున్నారు. నొప్పులేం లేవండి అంటే, మేడంగారు అబద్ధం చెప్పారన్నట్టు అవుతుంది. పదకొండేళ్ళు మీ అన్నం తిన్నదాన్ని, ఆ మాట నా నోటితో ఎలా అంటానండీ? అందుకని ఆకివీడు వచ్చినప్పుడల్లా కుంటుతున్నానండి. మొన్న తొందరలో ఏ కాలో మర్చిపోయి రెండోది కుంటాను. ముత్యాలరాజుగారు చూసి, పాపం రెండో కాలికి కూడా వచ్చిందా దుర్గమ్మగారూ అన్నారు" అన్నారు. చెప్తూ ఆవిడ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా ల్యాబ్ పరువు కోసం ఒక మనిషి మంచి కాళ్ళతో మూడు నెలలుగా కుంటుతూ తిరుగుతోంది.

వచ్చేసేటప్పుడు స్కూటీ దాకా సాగనంపారు, కుంటకుండా. "మీరు తెచ్చిపెట్టిన నొప్పి నేను తగ్గించుకోలేనండి. ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ మీరే చెప్పండి. అప్పుడు నడిచి వస్తాను" అన్నారు.

ఇది జరిగి మూడు రోజులైంది. మూడు రోజులుగా ఇంట్లోంచి బయటికి రాలేకపోతున్నాను. మోకాళ్ళ నొప్పులు లేవని చెప్పగానే, మరి ఎందుకు పంపేశారండీ అంటారు. ఎందుకు పంపేశానో చెప్తే, మరి మాతో ఫోన్లో మాట్లాడుతోంది ఎవరండీ అంటారు. అది చెప్తే ముత్యాలరాజుగారి దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒక్క మాట వెనక్కి తీసుకోబోతే నాలుగూ ఊడి వస్తున్నాయి. ల్యాబ్‌కి ఇంకెవరైనా వస్తారో రారో తెలీదు. మీ నాన్నకి అంతా చెప్పాను. ఆయన మోటారు విప్పుతూ విన్నారు. "నేను తోడు రానా?" అన్నారు, అంతే. వద్దన్నాను. ఇది నేను ఒక్కదాన్నే వెళ్ళాల్సిన పని.

రేపు పొద్దున్న ముత్యాలరాజుగారి ఇంటికి వెళ్తాను. ఫోన్లో మాట్లాడింది నేను కాదు, సాయంత్రం చదివి ఊరుకుంది మాత్రం నేనే అని చెప్పాలి. ఆయన బావమరిది ఊసు నేను ఎత్తను, అది ఆయన ఇష్టం. ఇలా అనుకుని నిన్న కూడా చీర మార్చుకుని గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. అందుకే ఇవాళ నీకు రాస్తున్నాను. దుర్గమ్మగారు చెప్పమన్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు. అందరికంటే తేలిక నువ్వే అనుకుని మొదలుపెట్టాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, కాదని.

ఇంకొక్క పని. ఆ మిషన్ ఫోనెత్తగానే ముందు తాను మనిషిని కాదని చెప్పాలి, నా గొంతు కాకుండా వేరే గొంతుతో చెప్పాలి. అది ఎక్కడ మార్చాలో నాకు తెలీదు. వచ్చే ఆదివారం నాన్న వచ్చేసరికి ఒక కాగితం మీద నాకు అర్థమయ్యేలా రాసి ఉంచు. కోపం వస్తే అది కూడా రాయి, ఎన్ని పేజీలైనా చదువుతాను.

నూనె సీసా మాత్రం పంపకు. దుర్గమ్మ పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు లేవు. ఎప్పుడూ లేవు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
అమ్మ